మలుపు తెలియని బండితో జైనూర్ దాకా

జైనూర్ దగ్గర ఒక మక్క చేనులో ఏటా చలికాలం కౌబాయ్‌ల తుపాకీ పోటీ జరుగుతుందని, దానికి నేను పోతున్నానని చెప్పినప్పుడు మా అంగన్‌వాడీ ఆయా నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "టీచరమ్మా, సెలవు కావాల్నంటె జరమొచ్చిందని రాయరాదు, గిదేం కత" అన్నది. పోయి వచ్చాక ఫోటోలు చూపించినా నమ్మలేదు. మీరు నమ్ముతారన్న ఆశ నాకూ పెద్దగా లేదు. అయినా రాస్తున్నాను, మీలో ఎవరూ ఎలాగూ అటు పోయే రకం కాదు కాబట్టి.

ముందు ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో చెప్పాలి. మాది సిరిసిల్ల. మా ఆయన రాజేశం ముప్పై ఏళ్లు సాంచెలు నడిపాడు. మరమగ్గాలను మేం సాంచెలంటాం. రెండేళ్ల కింద మా నాలుగు సాంచెలూ తూకం లెక్కన పాత ఇనుప సామాను దుకాణానికి పోయాయి. ఆ రోజు నుంచి ఆయన ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాడు. పొద్దున చాయ్ తాగి కూర్చుంటాడు, సాయంత్రం చాయ్ తాగడానికి లోపలికి వస్తాడు. మధ్యలో పానా పట్టింది లేదు, సుత్తె పట్టింది లేదు. మా ఫ్యాను కటకటమని ఆరు నెలలు కొట్టుకుంది. ఊళ్లో సగం సాంచెలు బాగు చేసిన మనిషి కింద పడుకుని దాన్ని వింటూ ఉండేవాడు.

ఆ ఇనుప దుకాణం ఉన్న సందు సరిగ్గా మా ఇంటికీ బజారుకూ మధ్యలో ఉంది. నేరుగా పోతే నాలుగు నిమిషాల దారి. ఆయన అందులో అడుగు పెట్టడు. పాల ప్యాకెట్టు కోసం కూడా ఊరంతా చుట్టి వస్తాడు. ఎందుకంటే "నడిస్తె మంచిదని డాక్టర్ చెప్పిండు" అంటాడు. ఏ డాక్టరూ చెప్పలేదు. నాకు తెలుసు, ఆయనకు నాకు తెలుసని తెలుసు.

అలాంటి మనిషి ఒకరోజు ఫోన్లో ఒక వీడియో చూశాడు. ఎక్కడివాళ్లో తెల్ల మీసాల ముసలివాళ్లు పెద్ద టోపీలు పెట్టుకుని, పాతకాలం పశువుల కాపరుల వేషంలో తుపాకులు పేలుస్తున్నారు. ఒక చోట కాల్చడం అయిపోగానే ఇంకో చోటికి పోవాలి కదా, అందుకని ఒక్కొక్కరూ తుపాకులు, గుళ్లు, నీళ్ల సీసా సర్దుకున్న చెక్క బండి ఒకటి తోసుకుంటూ పోతారు. అన్నీ ఎవరింట్లో వాళ్లు చేసుకున్న బండ్లే. లోకమంతా ఆ వీడియోలో తుపాకులు చూస్తుంది. ఈయన బండ్లు చూశాడు. ఫోను నా ముఖం ముందు పెట్టి, "గా ఇరుసు తప్పు ఏసిండు సూడు" అన్నాడు. రెండేళ్లలో ఆయన ఒక వస్తువులో తప్పు పట్టడం అదే మొదటిసారి. నాలో పట్టే తప్పుల సంగతి వేరు.

వారం తిరగకుండానే జైనూర్ పోటీ సంగతి బయటికి తీశాడు. వామన్‌రావు అని రిటైరైన పశువుల డాక్టరు తన చేనులో పెడతాడట. లైసెన్సు గోల లేకుండా అన్నీ గాలి తుపాకులే. రూళ్లు మూడే: రెండు తుపాకులుండాలి, ఒక మారుపేరుండాలి, సొంతంగా చేసుకున్న బండి ఉండాలి.

"నువ్వు కాల్చు సులోచనా, బండి నేను చేస్త" అన్నాడు.

నేనెందుకంటే, మా బాపు జాతరల్లో బుగ్గల, అదే బెలూన్ల, తుపాకీ దుకాణం పెట్టేవాడు. పది బుగ్గలు పగలగొడితే సబ్బు పెట్టె. ఆ తుపాకుల గొట్టాలు రెండు వేళ్లంత ఎడమకు కొడతాయి. బాపు వ్యాపారమంతా ఆ రెండు వేళ్ల మీదే నడిచింది. ఆ సంగతి తెలిసింది ఇంట్లో ఇద్దరికే, బాపుకూ నాకూ. బాపు పోయాక తుపాకులు రెండూ మా అటక మీదికి వచ్చాయి.

పదిహేను రోజులు మా ఇంట్లో సుత్తె చప్పుడే. సాంచెలు పోయినా రెండు గోనె సంచుల విడి భాగాలు, నూలు చుట్టిన పెద్ద బీములు మోసే పాత నాలుగు చక్రాల బండి ఒకటి మిగిలాయి. ఆ బండి మీద కర్రలు బిగించి తుపాకులు నిలబెట్టే గాళ్లు చేశాడు. గాళ్లకు సాంచె తోలు పట్టీలు అంటించాడు. పెల్లెట్లు పోసుకోవడానికి నాడె, అదే దారాన్ని అటూ ఇటూ మోసే కర్ర పడవ, దాని కడుపు ఖాళీ చేసి పెట్టాడు. కూర్చోవడానికి పీట కూడా ఉంది. బయల్దేరే పొద్దున, సాంచె మీద కొత్త బీము ఎక్కించినప్పుడు చేసినట్టే పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. "దీనికి మెడల తాళి ఒక్కటే తక్కువ" అన్నాను.

పైకి నేను వంద అన్నాను. లోపల ఒక్కటే భయం. అక్కడ ఎవరైనా ఈ బండిని చూసి నవ్వితే ఈ మనిషి మళ్లీ అరుగెక్కుతాడు. ఈసారి ఎక్కితే దిగడు.

కరీంనగర్‌లో టోపీ

బండిని యూసుఫ్ భాయ్ ట్రాలీ ఆటోలో ఎక్కించాం. యూసుఫ్ భాయ్ ఒకప్పుడు మా ఇంటి నుంచి బట్ట తానులు మోసేవాడు, ఇప్పుడు ఏది దొరికితే అది మోస్తున్నాడు. బండి మా సందులో నేరుగా దొర్లి నేరుగా ఆటోలోకి ఎక్కింది. ఆయన మీసం కింద కొంచెం నవ్వు కూడా కనిపించింది. బజారు దగ్గరికి రాగానే "యూసుఫ్ భాయ్, అవుతలి నుంచి పోనియ్యి" అన్నాడు. యూసుఫ్ భాయ్ నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఊరు చుట్టి వెళ్లాం.

కరీంనగర్‌లో పని ఒక్కటే, నాకు కౌబాయ్ టోపీ. మూడు దుకాణాలు తిరిగాం. పుట్టినరోజు టోపీ ఉంది, జోకర్ టోపీ ఉంది, పోలీసు టోపీ ఉంది. నాలుగో దుకాణంలో సేఠ్ అట్టడుగు నుంచి గడ్డితో అల్లిన వెడల్పు టోపీ తీసి దుమ్ము దులిపి, "ఫోటో షూటా మేడమ్? షాదీ ముందు తీస్తరే, గదేనా?" అని అడిగాడు.

"అవును" అన్నాను.

"దుల్హన్ యాడుంది?"

"నేనే."

ఆయన నన్ను చూశాడు, పక్కనున్న మా ఆయన నెరిసిన గడ్డం చూశాడు, "ముబారక్" అని ముప్పై రూపాయలు తగ్గించి రెండొందల ఇరవైకి ఇచ్చాడు. యాభై రెండేళ్ల వయసులో నా పెళ్లికి కరీంనగర్ ఇచ్చిన కట్నం అది.

మెట్‌పల్లిలో మిర్చీ బండి

మెట్‌పల్లి బజారులో ఆటో టైరు పంక్చర్ అయింది. జాకీ పెట్టాలంటే బరువు దింపాలన్నాడు యూసుఫ్ భాయ్. బండిని రోడ్డు మీదికి దింపగానే జనం మూగారు. కూరగాయల బుట్ట పట్టుకున్న ఒకామె గాళ్లన్నీ వంగి చూసి, "మిర్చీలు ఎప్పుడేస్తరక్కా?" అని అడిగింది. వెనక నుంచి ఒక పెద్దాయన, "మిర్చీ బండి కాదవ్వా, ఏదో దేవుని రథం, కుంకుమ లేదా" అన్నాడు. ఇంకొకడు వచ్చి దండం పెట్టి పీట మీద అయిదు రూపాయల బిళ్ల కూడా వేసి పోయాడు. మా ఆయన దాన్ని ఏం చేయాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

ఈలోపు వెనక బస్సు వచ్చి హారన్ కొడుతోంది. బండి పక్కకు తీయాలి. ఆయన తోశాడు. బండి ముందుకు పోయింది. పక్కకు తిప్పాడు, తిరగలేదు. ఇంకొంచెం బలంగా తిప్పాడు. నాలుగు చక్రాలూ రోడ్డును పట్టుకుని కిర్రుమన్నాయి తప్ప అంగుళం మళ్లలేదు. అప్పుడు ఇద్దరమూ ఒకేసారి చక్రాల వైపు చూశాం.

సాంచెల కార్ఖానా చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. సాంచెలన్నీ వరుసగా ఉంటాయి, వాటి మధ్య సన్నటి సందు ఉంటుంది, బీముల బండి ఆ సందులో ముందుకు పోతుంది, వెనక్కి వస్తుంది. మలుపన్నదే దానికి తెలియదు. దాని చక్రాలు అలాగే బిగించి ఉంటాయి. ముప్పై ఏళ్లు ఆ బండి తోసిన మనిషికి, లోకంలో బండి అన్నది తిరగాలి కూడా అన్న ఆలోచనే రాలేదు.

"మా సందులల్ల మలిపే పని లేకుండె" అన్నాడు నెమ్మదిగా.

"మంచిదే. జైనూర్ దాకా రోడ్డు సీదాగ ఏయించమని సర్కారుకు దరఖాస్తు పెడదాం" అన్నాను.

నలుగురు మగవాళ్లు పట్టి, ఎత్తి, పక్కన పెట్టారు. పంక్చర్ వేసేదాకా ఎదురుగా ఉన్న మెస్సులో అన్నం తిన్నాం. ఎనభై రూపాయలకు కడుపు నిండా పెట్టారు. మా దగ్గర పచ్చి పులుసులో ఉల్లిగడ్డ ముక్కలు తేలుతాయి, అక్కడ వేయించిన నువ్వుల పొడి కూడా వేశారు. నేను రెండుసార్లు పోయించుకున్నాను. ఆయన ముద్ద కలుపుతూ అద్దంలోంచి బండినే చూస్తున్నాడు.

అడవిలోకి వచ్చిన కర్ర

గోదావరి దాటి, ఖానాపూర్ దాటి, ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలుపెట్టాం. రోడ్డుకు రెండు వైపులా టేకు చెట్లు, పెద్ద పెద్ద ఎండుటాకులు. ఒక చోట చెక్‌పోస్టు కర్ర అడ్డం వేసి ఉంది. లోపలి నుంచి స్వెట్టర్ వేసుకున్న ఫారెస్టు గార్డు ఒకతను వచ్చాడు. తుపాకులు చూసి అడుగుతాడని నేను బ్యాగులోంచి పోటీ కాగితం తీసి పట్టుకున్నాను. రాత్రంతా ఏం చెప్పాలో తయారు చేసుకున్నాను కూడా.

అతను తుపాకుల వైపు చూడనే లేదు. బండిని గోరుతో గీరి, వాసన చూశాడు.

"గీ కర్ర టేకేనా? రశీదున్నదా?"

"పాత సాంచెల కర్ర సారూ" అన్నాడు మా ఆయన.

"అడవిల నుంచి కర్ర పోవుడు చూసిన గని, అడవిలకు కర్ర వచ్చుడు ఇదే మొదలు. దింపుండ్రి, కింద చూడాలె."

దింపాం. ఆ చోటు వాలుగా ఉందని దింపాక తెలిసింది. గార్డు కింద వంగి చూసి "సరే, పాత కర్రనే" అని లేచాడు. లేస్తూ బండి మీద చెయ్యి వేశాడు, అంతే. బండి కదిలింది. యూసుఫ్ భాయ్ పరుగెత్తాడు, మా ఆయన పరుగెత్తాడు, గార్డు కూడా పాపం పరుగెత్తాడు. ముందు రోడ్డు మలుపు తిరిగింది. బండి తిరగలేదు. ఎలా తిరుగుతుంది, దానికి రాదాయె. నేరుగా కల్వర్టు రాయికి పోయి గుద్దుకుంది.

గాళ్లు బాగానే ఉన్నాయి, పీట బాగానే ఉంది. ముందు ఇరుసు రెండు ముక్కలైంది. ఒక చక్రం గుంటలో టేకాకుల కింద దొరికింది. గార్డు చాలా నొచ్చుకున్నాడు. తన ఫ్లాస్కులోంచి అందరికీ చాయ్ పోశాడు. మా ఆయన చాయ్ తీసుకోలేదు. విరిగిన ఇరుసు చేతిలో పట్టుకుని కల్వర్టు మీద కూర్చున్నాడు. ఆ కూర్చున్న తీరు నాకు తెలుసు. రెండేళ్లుగా రోజూ చూస్తున్నాను.

"వాపస్ పోదాం" అన్నాడు.

నేను భయపడ్డదే జరిగింది. నోరు మాత్రం దాని పని అది చేసింది. "పోదాం. నాకు మాత్రం రెండొందల ఇరవై పెట్టి కొన్న టోపీ ఉంది. నేను జైనూర్ పోయి, చేను గట్టు మీద నిలబడి, ఎండ చూసి వస్త. నువ్వు బస్సెక్కు" అని పోయి ఆటోలో కూర్చున్నాను. అయిదు నిమిషాల తర్వాత వెనక బండి ఎక్కిస్తున్న చప్పుడు వినిపించింది.

జైనూర్‌లో పెద్దమనుషులు

వామన్‌రావు గారి చేను ఊరికి కొంచెం అవతల, గుట్ట కింద. ఆయన ఎదురొచ్చి, "యా, యా, రండ్రి, సిరిసిల్ల నుంచి వచ్చిండ్రా, మస్తు దూరం" అన్నాడు. మరాఠీ, తెలుగు ఒకే సంచిలో వేసి కలిపి మాట్లాడతాడు. వినగా వినగా బాగుంటుంది. రాత్రికి జొన్నరొట్టె, పచ్చిమిరపకాయలు నూరిన ఠేచా పెట్టాడు. మా కారం తిన్నాక కొంచెం ఆగి మండుతుంది, ఇది నోట్లోకి పోకముందే మండుతుంది.

పొద్దున అటుకుల పోహా తిని బయటికి వస్తే పోటీకి వచ్చిన పద్దెనిమిది మంది కనిపించారు. నిజామాబాద్ నుంచి మందుల దుకాణం ఆయన ఒకడు తోలు కోటు, మోకాలి దాకా బూట్లు వేసుకుని, పొద్దున ఎనిమిదింటికే చెమటలో ఉడుకుతున్నాడు. మారుపేరు 'తుఫాన్'. ఒకాయన 'నల్ల తేలు', ఇంకొకాయన 'పులి గోరు'. సొంతంగా చేసుకున్న బండి ఉండాలని రూలు కదా, చాలామంది బజారులో మడతబెట్టే తోపుడు బండి కొని దాని మీద సొంతంగా స్టిక్కరు అంటించుకున్నారు. 'నల్ల తేలు' అయితే మనవరాలి బొమ్మ బండికే నల్ల రంగు వేసుకొచ్చాడు.

"మీ మారుపేరు చెప్పుండ్రి" అన్నాడు వామన్‌రావు పుస్తకం తెరిచి.

"అంగన్‌వాడీ టీచర్."

"జర భయం పుట్టేటట్టు ఉండాలె బాయీ."

"ముప్పై మంది మూడేండ్ల పిల్లలను మీరెప్పుడన్న నిద్రపుచ్చిండ్రా?"

ఆయన రాసుకున్నాడు.

అక్కడే గట్టు మీద జంగు అని ఒక గోండు పెద్దాయన కూర్చుని ఉన్నాడు. వామన్‌రావు పశువులన్నీ కాసేది ఆయనే. తలకు తువ్వాలు, భుజం మీద గొడ్డలి. చాలాసేపు అందరినీ చూసి 'తుఫాన్'ను అడిగాడు, "మీరందరు పశువులు కాసెటోళ్ల వేషమట గదా. మీకెన్ని ఉన్నయి?"

"నాకా? ఒక్కటి లేదు."

"మరి గా టోపీ?"

"ఎండకు."

"మాకూ గా ఎండనే" అన్నాడు జంగు, తువ్వాలు సర్దుకుంటూ. ఆ పోటీ మొత్తంలో గురి తప్పని దెబ్బ అదొక్కటే అని నా అభిప్రాయం.

తర్వాత ఆయన మా బండి దగ్గరికి వచ్చాడు. మా ఆయన దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముందు భాగం నేలకు ఆని, మోకాళ్ల మీద పడ్డట్టు ఉంది. అప్పటికే ఒకరిద్దరు చూసి ఏదో అనుకుని నవ్వుకుంటూ పోయారు. నేను చూశాను, ఆయనా చూశాడు.

"ముందటి చక్రాలెందుకు?" అన్నాడు జంగు.

"నాలుగుంటెనే నిలబడ్తది."

"మా బండికి రెండే. నిలబడాల్నంటె కింద కర్ర పెడ్తం. గా ఒక్కటి కూడ పీకెయ్, మంచిగ తిరుగుతది."

"బీముల బండికి నాలుగు చక్రాలే ఉంటయి దాదా. ముప్పయ్యేండ్ల సంది గంతే."

జంగు చేను ఒకసారి చూశాడు, గుట్ట చూశాడు. "ఈడ బీములు యాడున్నయి?" అన్నాడు.

మా ఆయన వెనక్కి తిరిగాడు. వెళ్లి ఆటో వెనక కూర్చున్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. సరదా కోపం కాదు, రెండేళ్లది. నేనూ పోయి పక్కన కూర్చున్నాను.

"నేను ఈడికి తుపాకి కాల్చుటానికి రాలే. బుగ్గలు కొట్టి సబ్బు పెట్టె గెలుచుకునే వయసు కాదు నాది. నువ్వు పదిహేను రోజులు సుత్తె పట్టినవ్, నేను పదిహేను రోజులు వంటింట్ల నిలబడి గా చప్పుడు విన్న. ఇంట్ల మనిషున్నడని అనిపించింది. సాంచెలు పోయినయి. నువ్వు గూడ పోతె నేనెవర్ని తిట్టాలె?"

ఆయన నా వైపు కాదు, బండి వైపు చూశాడు. "ఇరుసు కింద ఆపేటందుకు కర్ర కావాలె" అన్నాడు.

"గొడ్డలి ఉంది, అడవి ఉంది."

"అడవి కర్ర వద్దు, గార్డు వాసన చూస్తడు" అన్నాడు. లేచి గోనె సంచిలోంచి సాంచె కర్రలు మూడు తీశాడు, నాడెను కొట్టి పంపేవి. రెండు పిడులకు, ఒకటి కింద ఆపడానికి.

గంటన్నరలో అయిపోయింది. జంగు పట్టుకున్నాడు, ఆయన బిగించాడు. మిగిలిన ముందటి చక్రం పీకినప్పుడు మాత్రం దాన్ని ఒక నిమిషం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత పిడులు పట్టి ఎత్తి, తోసి, పక్కకు తిప్పాడు. తిరిగింది. ఇంకోసారి తిప్పాడు. కోసిన మక్క కొయ్యకాళ్ల మధ్య గుండ్రంగా మూడు చుట్లు తిప్పాడు. యూసుఫ్ భాయ్ చప్పట్లు కొడితే "ఆగు, ఇంక చూడాలె" అని నాలుగో చుట్టు కూడా తిప్పాడు.

మక్క చేనులో గురి

పోటీ ఆరు చోట్ల. ఒక్కో చోట నూనె డబ్బాల రేకు కోసి చేసిన పళ్లేలు అయిదు వేలాడుతుంటాయి. తగిలితే టంగుమంటుంది. చోట్లన్నీ గుట్ట చుట్టూ వంకరగా ఉన్నాయి. స్టిక్కరు బండ్ల చిన్న చక్రాలు మెత్తని మట్టిలో కూరుకుపోయి, 'పులి గోరు' తన బండిని చంకలో పెట్టుకుని నడిచాడు. మా సాంచె బండి పెద్ద ఇనుప చక్రాల మీద కొయ్యకాళ్లు విరుచుకుంటూ పోయింది. ఆపిన చోటల్లా కింది కర్ర మీద నిలబడింది. నేను పీట మీద కూర్చుని వంతు కోసం చూశాను. కూర్చోవడానికి పీటున్నది నాకొక్కదానికే.

"అంగన్‌వాడీ, రా" అని పిలుస్తున్నారు. టోపీ పెట్టుకుని, కొంగు బొడ్లో దోపి, బాపు తుపాకీ ఎత్తి, రెండు వేళ్లు కుడికి పట్టి కొట్టాను. మొదటి అయిదు చోట్ల ఇరవై అయిదుకు ఇరవై నాలుగు తగిలాయి. ఆ ఒక్కటి కూడా కొంగు ఊడి గాలికి లేచి పోయింది. ఆదిలాబాద్ పత్తి మిల్లు గుమాస్తా ఒకాయనకు కూడా ఇరవై నాలుగే. వామన్‌రావు పుస్తకం మూసి మా వెంటే నడవడం మొదలుపెట్టాడు.

ఆరో చోట గుమాస్తా ముందు కాల్చాడు. అయిదులో నాలుగు. నేను అయిదూ కొడితే గెలుపు. నాలుగు కొట్టాను. చివరి పళ్లేనికి గురి పెట్టి, ఊపిరి బిగబట్టాను.

అప్పుడు వెనక నుంచి ఒక నవ్వు వినిపించింది.

ఎవరో నవ్వితే నాకేమీ అయ్యేది కాదు. కానీ అది ఆయన నవ్వు. గట్టిగా, గొంతు విడిచి. ఓరకంట చూశాను. నలుగురైదుగురు బండి చుట్టూ నిలబడ్డారు. 'తుఫాన్' మోకాళ్ల మీద కూర్చుని ఇరుసు కింద చూస్తున్నాడు. మా ఆయన నాడె చేతిలో పట్టుకుని దారం ఎటు నుంచి ఎటు పోతుందో గాలిలో చూపిస్తూ, "గిది నిమిషానికి వందసార్లకు ఎక్కువనే ఉరుకుతుండె, మీ తుపాకి గింత ఉరుకుతదా" అని నవ్వుతున్నాడు. అరుగు మీద రెండేళ్లు ఆ నవ్వు ఎక్కడ దాచాడో నాకు తెలియదు. నా కళ్లు మసకబారాయి. రెండు వేళ్ల లెక్క మరిచిపోయి మీట నొక్కాను.

పెల్లెట్టు ఎటు పోయిందో తెలియదు. పళ్లెం ఊగనైనా ఊగలేదు.

ఇద్దరికీ సమానమైందని మళ్లీ కాల్పిస్తే, గుమాస్తా గెలిచాడు. ఆయనకు ఇత్తడి గంట ఇచ్చారు, ఎద్దు మెడకు కట్టేది. ఆయనకు ఎద్దు లేదు. నాకు జంగు ఒక సీతాఫలం ఇచ్చాడు. "నువ్వు కావాల్నని తప్పినవా?" అని అడిగాడు. లేదన్నాను. ఆయన నమ్మలేదు.

తిరుగు దారి

మూడో రోజు పొద్దున్నే బయల్దేరాం. 'తుఫాన్' ఇలాంటి బండి తనకూ కావాలని, రెండు చక్రాలదే కావాలని చెప్పి ఫోను నంబరు రాసిచ్చాడు. వామన్‌రావు దూడల దాణా మోయడానికి ఒకటి చేసిస్తారా అని అడిగాడు. మా ఆయన "చూద్దాం" అన్నాడు. చెక్‌పోస్టు దగ్గర గార్డు పరుగున వచ్చి బండి చూసి, "ముందటి చక్రాలేవి?" అని అడిగాడు. "అడవిలనే ఇడిచిపెట్టినం" అన్నాడు మా ఆయన. గార్డు వాటికి రశీదు అడగలేదు.

మెట్‌పల్లిలో పది రూపాయల చాయ్ తాగాం. ఆయన దేవుడి అయిదు రూపాయల బిళ్ల జేబులోంచి తీసి హోటలు పక్కనున్న హనుమాన్ గుడి హుండీలో వేసి వచ్చాడు. దారంతా సిగరెట్టు పెట్టె చింపి దాని వెనక ఏవో గీతలు గీశాడు. ఇరుసు ఇంకో అంగుళం వెనక్కి ఉండాల్సిందట, పిడులు మోకాలికి తగులుతున్నాయట. జగిత్యాల నుంచి కరీంనగర్ దాకా నేను విన్నది అంగుళాలే. విసుగొచ్చి నిద్ర నటించాను. నటిస్తూ అంతా విన్నాను.

సిరిసిల్ల చేరేసరికి సాయంత్రం నాలుగు. బజారు మొదట్లో యూసుఫ్ భాయ్, అలవాటు ప్రకారం, అడగకుండానే చుట్టు దారికి ఆటో మలిపాడు.

"అటెందుకు? సీదా పోనియ్యి" అన్నాడు మా ఆయన.

యూసుఫ్ భాయ్ అద్దంలో నా వైపు చూశాడు. నేను టోపీ ముఖం మీదికి దించుకున్నాను. ఆటో వెనక్కి వచ్చి సందులోకి పోయింది. ఇనుప దుకాణం ముందు ఆపమన్నాడు. బయట గుట్టగా పోసిన తుక్కులో పాత సాంచెల పళ్ల చక్రాలు, విరిగిన చట్రాలు, తుప్పు పట్టిన సైకిళ్లు ఉన్నాయి. ఆయన దిగి, ఒక నిమిషం అలాగే నిలబడ్డాడు. తర్వాత చెప్పులు బయట విడిచాడు. సాంచె దగ్గరికి పోయేటప్పుడు ఎప్పుడూ అలాగే విడిచేవాడు.

లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది.

"సేఠ్, కొత్త బండికి రెండు చక్రాలు కావాలె. ఒక్కలాంటియి."